ఫోన్ ఎత్తడానికి జంకే రోజులు: పరాయి దేశంలో స్త్రీలు నిలదొక్కుకునే తీరు

భర్త ఉద్యోగరీత్యా దేశం దాటి వచ్చి ఎనిమిది నెలలయిందనీ, అంతకుముందు తొమ్మిదేళ్లపాటు బాధ్యతగల ఉద్యోగం చేస్తూ ఇంటి వ్యవహారాలన్నీ ఒంటిచేత్తో నడిపిన మీరు ఇప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే ఎత్తడానికే జంకుతున్నారనీ రాశారు. ఇది మీ బలహీనతా, అందరికీ ఇలాగే ఉంటుందా, మిగతా స్త్రీలు దీన్ని ఎలా దాటుతున్నారు అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేనూ ఇరవై రెండేళ్ల కిందట అలాగే వచ్చినదాన్ని. గత పద్నాలుగేళ్లుగా వలస వచ్చిన స్త్రీలకు సలహాలు, సహాయం అందించే ఒక కేంద్రంలో పనిచేస్తున్నాను. భాషలు, దేశాలు, చదువులు వేరైనా నా ఎదుట కూర్చున్న స్త్రీలలో ఎక్కువమంది మొదటి అరగంటలో అనే మాట ఒకటే ఉంటుంది: "నేను ఇలా ఉండేదాన్ని కాదు." మీరు రాసినదానిలోనూ ఆ వాక్యం ఉంది కాబట్టి కొంచెం వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా, ఇది బలహీనత కాదు. పుట్టి పెరిగిన చోట మనం రోజూ ఎన్నో చిన్న నిర్ణయాలను ఆలోచించకుండానే తీసుకుంటాం. ఎవరిని ఏమని పిలవాలి, వరుసలో ఎంత ఎడంగా నిలబడాలి, ఎదుటి మనిషి నవ్వితే అది మర్యాదా స్నేహమా, "తర్వాత చూద్దాం" అంటే నిజంగా చూస్తారా, సున్నితంగా కాదంటున్నారా అన్నవి మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, అయినా తెలుసు. దేశం మారిన రోజున ఆ తెలివి అంతా చెల్లని నాణెం అయిపోతుంది. "కల్చర్ షాక్" అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1954 ఆగస్టులో రియో డి జనీరోలోని ఒక మహిళా సంఘంలో ప్రసంగిస్తూ సరిగ్గా ఈ స్థితినే వివరించారు. నిత్యవ్యవహారంలో మనకు దారి చూపే తెలిసిన సంకేతాలన్నీ ఒక్కసారిగా కనుమరుగు కావడం వల్ల పుట్టే ఆందోళనే ఇది అన్నది ఆయన వివరణ. ఆ ప్రసంగం 1960లో అచ్చయి ప్రపంచమంతా తిరిగింది, కానీ మొదట విన్నది పరాయి దేశంలో కాపురాలు పెట్టుకున్న స్త్రీలేనన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

అయితే ఓబెర్గ్ చెప్పిన దశల విషయంలో మిమ్మల్ని కొంచెం హెచ్చరించాలి. మొదట కొత్త మురిపెం, ఆ తర్వాత సంక్షోభం, ఆపైన కోలుకోవడం, చివరకు అలవాటుపడటం అనే నాలుగు మెట్లు కొత్తగా వచ్చినవారికిచ్చే కరపత్రాలలో ఇప్పటికీ కనిపిస్తాయి. 1955లో నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికా వెళ్లివచ్చిన తన దేశపు ఉపకారవేతన విద్యావంతుల అనుభవాలను బట్టి, మొదట దిగి మళ్లీ పైకి లేచే ఇలాంటి వంపుగీతనే గీశారు. వాళ్లు తాము కోరుకుని వెళ్లినవారు, చేతిలో వేతనం ఉన్నవారు, ఎప్పుడు తిరిగి వస్తామో తెలిసినవారు. మరొకరి ఉద్యోగం వెంట వచ్చిన స్త్రీకి ఆ మొదటి మురిపెం అసలు ఉండకపోవచ్చు. 1998లో మనస్తత్వవేత్త కొలీన్ వార్డ్ తన సహచరులతో కలిసి న్యూజిలాండ్ వచ్చిన జపాన్ విద్యార్థులను కొంతకాలంపాటు గమనించినప్పుడు, దిగులు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది వచ్చిన తొలిరోజుల్లోనేనని తేలింది. "మొదటి నెలల్లో అందరూ సంతోషంగా ఉంటారట, నేను అదీ లేకుండా పోయాను" అని తమను తాము నిందించుకునే స్త్రీలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

రెండో ప్రశ్నకు వస్తే, పుట్టిన దేశం వెలుపల నివసిస్తున్నవారు 2020 నాటి ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 28 కోట్ల మంది, వారిలో దాదాపు సగం మంది స్త్రీలు. అందరికీ ఒకేలా ఉండదు, కానీ పోగొట్టుకునేవాటిలో పోలిక ఉంటుంది. బార్సిలోనాకు చెందిన మానసిక వైద్యుడు హోసెబా అచోతేగి వలసలోని శోకాలను ఏడుగా లెక్కపెట్టారు: అయినవాళ్లు, భాష, సంస్కృతి, నేల, సమాజంలో హోదా, తన సమూహంతో అనుబంధం, ఒంటికి భద్రత. చావులో పోయిన మనిషి తిరిగి రాడు కాబట్టి ఆ దుఃఖం ఎప్పటికో ఒక కొలిక్కి వస్తుంది. వలసలో పోగొట్టుకున్నవి ఎక్కడికీ పోవు, దూరంగా అలాగే ఉంటాయి. అందువల్ల ఈ దుఃఖం తగ్గినట్లే తగ్గి, ఒక వీడియో కాల్‌లో వెనుక గది కనిపించగానే మళ్లీ మొదటికొస్తుంది. పరిమితి దాటిన ఈ ఒత్తిడికి ఆయన 2002లో, ఏళ్ల తరబడి ఇంటికి దూరమై తిరిగిన గ్రీకు కథానాయకుడి పేరు మీద యులిసిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టి, ఇది మానసిక జబ్బు కాదనీ, మోయలేని బరువుకు మనిషి స్పందించే తీరు అనీ నొక్కిచెప్పారు.

ఆ ఏడింటిలో మీలాంటి చదువుకున్న స్త్రీలను ఎక్కువగా కుంగదీసేది హోదా అని నా అనుభవం. పదవి పోవడం అందులో ఒక భాగమే. అంతకన్నా లోతుగా గుచ్చుకునేది పనిమంతురాలిననే నమ్మకం పోవడం. నాకు జరిగినది ఒకటి చెబుతాను. వచ్చిన మూడో నెలలో డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయవలసి వచ్చింది. చెప్పవలసిన నాలుగు వాక్యాలను ఒక పాత కవరు వెనుక రాసుకున్నాను. నా పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా ఎలా పలికి చెప్పాలో దాని కిందే రాసుకున్నాను. రెండో వాక్యం సగంలో ఉండగానే అవతలి మనిషి ఏదో ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు జవాబు నా కవరు మీద లేదు. మళ్లీ చెప్పమని రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగడానికి నోరు పెగలక నేనే ఫోన్ పెట్టేశాను. ఆ సాయంత్రం నా భర్త అదే పనిని రెండు నిమిషాల్లో పూర్తిచేశారు. ఆయన ప్రేమతోనే చేశారు, నాకూ అప్పటికి హాయిగానే అనిపించింది. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు మా ఇంట్లో ప్రతి ఫోనూ ఆయనే చేశారు, నేను నా గొంతుతో బయటి మనిషిని ఒక్క ప్రశ్న అడగకుండా ఆ ఏడాది గడిపాను.

మీ మూడో ప్రశ్నకు నా సమాధానం ఇక్కడే మొదలవుతుంది. స్త్రీకి కొత్త దేశం చాలాసార్లు మరొకరి చేతి మీదుగా అందుతుంది. వీసా భర్తది, భాష పిల్లలది, కారు తాళాలు ఇంకొకరివి, బయటి ప్రపంచపు వార్తలు సాయంత్రం ఎవరో ఇంటికి వచ్చాక తెలిసేవి. నిలదొక్కుకున్నారని నేను చెప్పగలిగిన స్త్రీలందరిలో ఉమ్మడిగా చూసింది ఒకటే: ఎంత చిన్నదైనా సరే, కొత్త దేశంతో తమకంటూ మధ్యవర్తి లేని సంబంధం ఒకటి ఏర్పరచుకున్నారు. కొలీన్ వార్డ్ సర్దుబాటును రెండుగా విడదీసి చూస్తారు. ఒకటి మనసు కుదుటపడటం, రెండోది ఆ సమాజంలో పనులు చక్కబెట్టుకోగలగడం. మనసు కుదుటపడ్డాక బయటికి వెళ్దామని చాలామంది ఎదురుచూస్తారు. నేను చూసినంతవరకు పనులు చేతికి రావడం మొదలైతే మనసు దాని వెనుక వస్తుంది, ముందుగా రావడం అరుదు.

కాబట్టి ఇంట్లో కూర్చుని వివరాలు వెతకడం తగ్గించి, పూర్తిగా మీదైన పనిని ఒకటి ఎంచుకోండి. గ్రంథాలయ సభ్యత్వం కావచ్చు, పిల్లవాడి టీకాల వ్యవహారం కావచ్చు, విద్యుత్ బిల్లు కావచ్చు. ఫోన్ చేయడం నుంచి, కాగితాలు నింపడం, తప్పు జరిగితే దిద్దించుకోవడం వరకు అది మీ చేతిలోనే ఉండాలి, మీరు తడబడినా ఇంట్లోవారు మధ్యలో అందుకోకూడదు. ఈ సంగతి మీ భర్తకు ముందే చెప్పి ఒప్పించండి, ఎందుకంటే ప్రేమగల భర్తలే ఈ విషయంలో ఎక్కువ తొందరపడతారు. దానితోపాటు వారంలో ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లండి. కొత్త చోట్లు ఎన్ని తిరిగినా మీరు అపరిచితురాలే. ఒకే చోటికి ఆరు వారాలు వెళితే ఏడో వారం ఎవరో ఒకరు తల ఊపుతారు, పదో వారం మీరు రాకపోతే ఏమైందని అడుగుతారు. స్నేహాలు చాలావరకు ఈ విసుగుపుట్టించే పునరుక్తి నుంచే పుడతాయి.

భాష విషయంలో మీరు మీపట్ల చాలా కఠినంగా ఉన్నారనిపించింది. జర్మనీ 2005 నుంచి వలస వచ్చినవారికి నడుపుతున్న సమగ్ర శిక్షణలో ఒక్క భాషకే సాధారణంగా 600 గంటల తరగతులు ఉంటాయి. ఇవి పూర్తిచేసినవారు చేరవలసిన మట్టం రోజువారీ వ్యవహారం స్వతంత్రంగా నడుపుకోగలగడం, అంతే. ఇంత పెద్ద పనిని ఎనిమిది నెలల్లో, తరగతి లేకుండా, ఇంట్లో ఒంటరిగా సాధించలేదని మీరు సిగ్గుపడుతున్నారు. పుస్తకాల్లో చదివిన భాష మీకు వచ్చునన్నది నిజమే, కానీ ఫోన్‌లో వచ్చే భాష వేరు. అందులో ముఖం కనిపించదు, పెదవులు కనిపించవు, వేగం అవతలివారి చేతిలో ఉంటుంది. కొత్త భాషలో ఫోన్ సంభాషణ చాలామందికి అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. తరగతి ఎంచుకునేటప్పుడు దాని స్థాయి కన్నా పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉందా అన్నది ముందు అడగండి. 1948లో మొదలైన ఆస్ట్రేలియా వలసదారుల ఆంగ్ల తరగతులు, 1992 నుంచి కెనడా నడుపుతున్న తరగతులు ఈ అవసరాన్ని గుర్తించి శిశుసంరక్షణకు ఏర్పాట్లు చేశాయి. ఆ ఏర్పాటు లేనిచోట మొదట తరగతి మానేసేది తల్లులే.

పిల్లలను దుబాసీలుగా వాడుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ మీ పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లని రాశారు కాబట్టి చెబుతున్నాను. ఒకసారి ఒక తల్లికి తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. నేను చేరేసరికే గదిలో ఆమె పదేళ్ల కొడుకు డాక్టర్ మాటలను తల్లికి చెబుతున్నాడు. తల్లి తనకు రాత్రులు నిద్ర పట్టడం లేదనీ, బతకాలనిపించడం లేదనీ చెప్పింది. కుర్రవాడు కొంతసేపు గోడవైపు చూసి, "అమ్మకు తలనొప్పిగా ఉందట" అని డాక్టర్‌తో అన్నాడు. వాడు అబద్ధమాడలేదు, మోయలేనిదాన్ని పక్కన పెట్టాడు. దుకాణంలో ధర అడిగించడం వేరు, వైద్యం, బడి ఫిర్యాదులు, డబ్బు, కాగితాలు వేరు. ఈ రెండో రకం విషయాలలో పిల్లలను దూరంగా ఉంచి, దుబాసీ కావాలని ముందుగానే అడగండి. ఆస్ట్రేలియా 1973లోనే ఫోన్ ద్వారా దుబాసీ సేవలు మొదలుపెట్టింది. అమెరికాలో ఆరోగ్య సంస్థలకు వర్తించే 2016 నాటి నిబంధనలు అత్యవసర పరిస్థితిలో తప్ప మైనర్ పిల్లలను దుబాసీలుగా వాడకూడదన్నాయి. మీరున్న చోట ఏ ఏర్పాటు ఉందో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగితే సరిపోతుంది. అడిగినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు.

ఇంటి కాగితాల గురించి చెప్పే మాట మీ కాపురంలో అనుమానం రేపడానికి కాదు, ఏ స్త్రీకైనా నేను ఇదే చెబుతాను. మీ పాస్‌పోర్టు, వీసా పత్రాలు, వివాహ ధ్రువపత్రం, పిల్లల పత్రాలు ఎక్కడున్నాయో మీకు తెలియాలి, వాటి నకళ్లు మీ దగ్గర ఉండాలి. మీ పేరున ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. డిపెండెంట్ వీసా మీద ఉన్న స్త్రీలలో కొందరు ఇంట్లో హింసను భరిస్తూ, నోరెత్తితే వెనక్కి పంపేస్తారన్న బెదిరింపును నమ్మి ఏళ్ల తరబడి మౌనంగా ఉన్నారు. ఆ బెదిరింపు అన్నివేళలా నిజం కాదు. అమెరికా 1994లో చేసిన చట్టం, పౌరులు లేదా శాశ్వత నివాసులైన భర్తల చేతిలో హింసకు గురైన స్త్రీలు భర్త ప్రమేయం లేకుండా సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. స్త్రీలపై హింసను అరికట్టడానికి ఐరోపా మండలి 2011లో తెచ్చిన ఇస్తాంబుల్ ఒప్పందం 59వ అధికరణ, భర్త వీసాపై ఆధారపడిన బాధితులకు స్వతంత్ర నివాస అనుమతి గురించి చెబుతుంది. దేశాన్ని బట్టి, వీసాను బట్టి నియమాలు మారతాయి కాబట్టి ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారు ఎవరైనా భర్త చెప్పిన చట్టాన్ని కాక, వలస వ్యవహారాలు తెలిసిన న్యాయవాది చెప్పిన చట్టాన్ని నమ్మాలి.

"ఎంత మారాలి, ఎంత నిలుపుకోవాలి" అన్న చర్చ మీ ఇంట్లో తరచుగా నడుస్తున్నదని అర్థమయింది. కెనడా మనస్తత్వవేత్త జాన్ బెర్రీ దీన్ని నాలుగు దారులుగా చూపారు: సొంతదాన్ని ఉంచుకుంటూ కొత్తదానిలో కలవడం, సొంతదాన్ని వదిలి కలిసిపోవడం, కొత్తదానికి దూరంగా ఉండిపోవడం, రెంటికీ దూరమవడం. మొదటి దారిలో ఉన్నవారు సాధారణంగా బాగుంటారని ఆయన పరిశోధనలు చూపాయి. అయితే ఆతిథ్యమిచ్చే సమాజం తలుపు తెరిచినప్పుడే ఆ దారి వీలవుతుందని కూడా ఆయనే అన్నారు, దీన్ని చాలామంది మరిచిపోయి భారమంతా వచ్చినవారి మీద పెడతారు. మీరు ఒకే దారి ఎంచుకోవలసిన అవసరం లేదు. పనిచేసే చోట ఒకలా, ఇంట్లో ఒకలా, పిల్లల బడిలో ఇంకొకలా ఉండటం కపటం కాదు. నన్ను బాధపెట్టేది మరొకటి: ఇంటి సంస్కృతిని కాపాడే బాధ్యత అంతా తల్లి మీద, ఆ తర్వాత కూతురి మీద పడుతుంది, తండ్రికీ కొడుక్కీ మాత్రం స్వేచ్ఛగా మారే వీలుంటుంది. ఏది నిలుపుకోవాలో ఇంట్లో అందరూ కలిసి అనుకోండి, నిలిపే పనిని కూడా పంచుకోండి.

సొంత భాష మాట్లాడే స్త్రీల బృందంలో చేరాలా వద్దా అని సందేహించారు. చేరండి. అక్కడ దొరికే ఊరట, పని సమాచారం మరెక్కడా దొరకవు. బెర్లిన్‌లోని నోయ్‌కెల్న్ పేటలో 2004 నుంచి ఒక పథకం నడుస్తోంది. వలస వచ్చిన తల్లులకే శిక్షణ ఇచ్చి, తమలాంటి ఇతర కుటుంబాల ఇళ్లకు వెళ్లి పిల్లల పెంపకం, బడి, ఆరోగ్యం గురించి వారి భాషలోనే మాట్లాడేలా పంపుతారు. అధికారి తట్టినప్పుడు తెరుచుకోని తలుపులు ఈ తల్లులకు తెరుచుకున్నాయి. మీకన్నా రెండు, మూడేళ్లు ముందు వచ్చిన స్త్రీని వెతుక్కోండి. ఇరవై ఏళ్ల కిందట వచ్చిన నాలాంటివాళ్లకు మొదటి నెలల చిక్కులు కొంత మసకబారిపోతాయి, ఆమెకు అవి ఇంకా పచ్చిగా గుర్తుంటాయి. అయితే ఆ బృందంలో గొడవలు, పోలికలు, చాడీలు కూడా ఉంటాయి. మీ రోజులన్నీ అక్కడే గడిచిపోతుంటే, ఇందాక చెప్పిన వారానికొకసారి వెళ్లే చోటు మీకు రెండింతలు అవసరం. వీడియో కాల్‌లో అమ్మానాన్నలకు రోజూ "అంతా బాగుంది" అని చెబుతున్నారని రాశారు. వాళ్ల నిద్ర చెడగొట్టకూడదన్న మీ ఆలోచన అర్థమవుతుంది. కానీ అటువైపున ఒక్కరికి, చెల్లెలికో స్నేహితురాలికో, ఉన్నది ఉన్నట్లు చెప్పుకోండి.

ఉద్యోగం గురించి క్లుప్తంగా చెబుతాను. భాష పూర్తిగా వచ్చాక చూద్దామని ఆగకుండా, మీ పట్టాల గుర్తింపు ప్రక్రియను ఇప్పుడే ప్రారంభించండి, అది నెలల తరబడి సాగుతుంది. చదువుకు తగ్గ పని వెంటనే దొరకక చిన్న పనిలో చేరవలసివస్తే, దాన్ని తాత్కాలికమని తేదీ వేసుకుని చేరండి. ఏడాది తర్వాత ఎక్కడుండాలో కాగితం మీద రాసుకోని స్త్రీలు అదే పనిలో పదేళ్లు ఉండిపోవడం చాలాసార్లు చూశాను.

చివరగా, అన్నిటినీ సర్దుబాటు ఖాతాలో వేయకండి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెదిరిపోవడం, కారణం తెలియని ఒళ్లునొప్పులు, ఏకాగ్రత పోవడం కనిపిస్తే డాక్టర్‌ను కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మీకు ఆరునెలల పాప కూడా ఉంది కాబట్టి మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ముప్పు వలస స్త్రీలలో ఎక్కువ. చుట్టూ ఆడదిక్కు లేకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. దీన్ని గుర్తించడానికి 1987లో రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో కేవలం పది ప్రశ్నలుంటాయి, అది అనేక భాషల్లోకి అనువాదమయింది. తర్వాతిసారి పాప కోసం ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ పది ప్రశ్నలు మీకూ వేయమని అడగండి.

ఇక ఫోన్ సంగతి. ఈ వారం ఒక్క ఫోన్ చేయండి, ఏ పర్యవసానమూ లేనిదై ఉండాలి. దగ్గరలోని గ్రంథాలయం శనివారం ఎన్ని గంటలకు మూస్తారో అడగండి. జవాబు మీకు ముందే తెలిసినా పర్వాలేదు, తెలిస్తే ఇంకా మంచిది. అడగవలసింది కాగితం మీద రాసుకోండి, కానీ నేను నా కవరు మీద రాసుకోని వాక్యాన్ని మీరు అందరికన్నా పైన రాసుకోండి: "నేను ఈ భాష ఇంకా నేర్చుకుంటున్నాను, దయచేసి నెమ్మదిగా మళ్లీ చెప్పండి." అవతలివారు మాట్లాడటం మొదలుపెట్టకముందే, మొదటి వాక్యంగా దాన్ని చెప్పేయండి.